బాలరాజన్న కండెల తూకం

సిరిసిల్లలో మేము అద్దెకుండే ఇంటి ఓనరు బాలరాజన్న. కింద వాళ్లు, పైన మేము. తెల్లవారకముందే ఆయన విజిల్ వినిపిస్తుంది. కొత్తలో ఆ చప్పుడుకు మా చిన్ని ఉలిక్కిపడుతుందేమోనని నేను ముందే లేచి కిటికీలు మూసి కూర్చునేదాన్ని. చిన్నికి నాలుగేళ్లు. అది ఒక్కసారి కూడా లేవలేదు. దానికి ఎప్పుడూ ఏమీ కాలేదు, నాకే ఏదో అవుతుందన్న భయం.

బాలరాజన్న పట్ల నాకు చాలా కృతజ్ఞత ఉంది. ఆ మాట ఎదురుగా అంటే "ఊకోండ్రి మేడం" అని మాట మార్చేస్తాడు. అందుకే రాస్తున్నాను.

ఆయనది మల్యాల. పదో తరగతి అయ్యాక తండ్రి ఆయనకు గల్ఫ్ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతుంటే, ఇంట్లో చెప్పకుండా మిలిటరీ ర్యాలీకి వెళ్లి ఎంపికై వచ్చాడు. కొండల్లో కాపలా కాశాడు, ఎడారిలో ఉన్నాడు. చివరి ఏళ్లు ఒక శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు కసరత్తు నేర్పాడు. అక్కడ నేర్పేవాళ్లను ఉస్తాద్ అంటారట. హవల్దారుగా రిటైరై, భార్య వసంతక్క పుట్టింటివాళ్లు ఇక్కడే ఉన్నారని సిరిసిల్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద, ఊరి చివరి ఆ ఇంటి పక్కనే ఉన్న ఖాళీ జాగాలో సున్నంతో గీత గీసి, అగ్నివీర్ కావాలనుకునే పిల్లలను పరుగెత్తించడం మొదలుపెట్టాడు. ఇక్కడి పిల్లలకూ ఆయన ఉస్తాదే.

నేను స్టాటిస్టిక్స్ చదివాను. ఇక్కడి డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. మా ఆయన జగిత్యాలలో బ్యాంకు ఉద్యోగి, శనివారం సాయంత్రానికి వస్తాడు. కాలేజీ అయ్యాక చిన్నిని తీసుకుని కింది వాకిట్లో కూర్చోవడం నాకు అలవాటు. పోయిన ఏడాది ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక సాయంత్రం బాలరాజన్న వచ్చి నా ఎదుట ముక్కాలి పీట వేసుకున్నాడు.

"మేడం, మీ చదువుల వెయిటేజ్ లెక్క ఉంటది గదా? రెండింట్ల ఏది మంచిదో తేల్చేది. గది నాకు చేసి పెట్టాలె."

ఆయన నోట ఆ మాట విని నేను ఆశ్చర్యపోయాను. ఎక్కడ విన్నారని అడిగితే చెప్పాడు. ఆయన పనిచేసిన కేంద్రంలో ఒకసారి శిక్షణ పద్ధతి మార్చాలనుకున్నారు. మొదటి వారం నుంచే బరువు మోస్తూ పరుగెత్తించాలా, మెల్లమెల్లగా పెంచాలా అన్నది ప్రశ్న. తేల్చడానికి ఒక కెప్టెన్ వచ్చాడు. అతను ఆఫీసర్లనే కాదు, ఉస్తాదులనూ కూర్చోబెట్టి, శిక్షణ ముగిసేసరికి సిపాయిలో మీకేం కావాలి, దేనికెంత వెయిటేజ్ ఇస్తారు అని ఒక్కొక్కరినీ అడిగాడట.

"నేను మొత్తం పరుగుకే ఇచ్చిన మేడం. అప్పుడు గదే దిమాక్. గా కెప్టెన్ సాబ్ నవ్విండు. 'ఉస్తాద్, తప్పు పోతే ఎవ్వనికి దెబ్బ? ఆ దెబ్బ నుంచి వాడు వాపస్ రాగలడా?' అన్నడు. తెల్లారి పిల్లల కాళ్లు చూపిచ్చిండు. కాలు ముందరి ఎముకల సన్నగ పగుళ్లు. ఒక్కడు గూడ చెప్పలే. నొప్పంటే కింది బ్యాచ్‌కు దించుతరని భయం."

"మరి ఇప్పుడు ఏ రెండింట్ల తేల్చాలె అన్నా?"

కోరుట్ల నుంచి అర్జున్ రావు కబురు పంపాడట. ముత్యంపేట వైపు ఒకప్పుడు ఊళ్లేలిన కుటుంబం వాళ్లది. ఇప్పుడు విత్తనాల వ్యాపారం. తండ్రి కరుణాకర్ రావు పేరు మీద తమ మామిడి తోటలో మిలిటరీ శిక్షణ కేంద్రం కడతానంటున్నాడు. పిల్లలు మూడు నెలలు అక్కడే ఉండి, తిని, పడుకుని తయారవ్వాలి. నడిపించేది బాలరాజన్న. ఆయన అక్కడికి వెళితే ఇక్కడి మైదానం మూతపడుతుంది.

"మంచి తిండి, మంచి గ్రౌండ్, బాత్రూములు. ఎవడు వద్దంటడు?" అన్నాడు బాలరాజన్న. తర్వాత గొంతు తగ్గించి, "సంజీవ్ గాడొక్కడే నా మెడకాయ మీద కూసున్నడు," అన్నాడు.

సంజీవ్ నాకు తెలుసు. వెనక వీధి ఎల్లవ్వ కొడుకు. తండ్రి లేడు. రాత్రి షిఫ్టులో సాంచెలు నడుపుతాడు, మరమగ్గాలను ఇక్కడ అలాగే అంటారు. పొద్దున షెడ్డు నుంచి నేరుగా, జుట్టులో దూది పోగులతో మైదానానికి వస్తాడు. వచ్చే ర్యాలీ దాటితే అతని వయసు దాటిపోతుంది. మూడు నెలలు కోరుట్లలో ఉంటే సాంచెల పని పోతుంది, ఇల్లు ఆగిపోతుంది. ఇక్కడ మైదానం మూస్తే అతని కథ ముగిసినట్టే.

"ఒక్కనికోసం పదిమందికి మంచి తిండి వద్దంటనా? పదిమందికోసం వీన్ని వదులుతనా? అర్జున్ రావు సార్ వచ్చే వారం జవాబు చెప్పమన్నడు," అన్నాడాయన.

మరుసటి సాయంత్రం వసంతక్క, ఎల్లవ్వ, సంజీవ్‌లతో కలిసి వాకిట్లో కూర్చున్నాం. తూకానికి రాళ్లేమైనా ఉన్నాయా అని నేను అడుగుతుంటే, ఎల్లవ్వ తన సంచి విప్పింది. ఆమె ఇంట్లో కండెలు చుడుతుంది. మగ్గంలో అడ్డంగా పరిగెత్తే దారాన్ని చుట్టే పుల్లలవి. ఖాళీ కండెలు గుప్పెడు గుప్పెడు అందరి ముందూ పోసింది.

"పైలం, నూలిచ్చే ఆసామివి. లెక్క తక్కువైతే నన్ను తిడతడు," అంది.

నేల మీద సున్నంతో గళ్లు గీశాను. ఒకటి సెలెక్షన్. ఒకటి ఒళ్లు, అంటే కాళ్లూ చేతులూ చెడకుండా ఉండడం. ఒకటి ఇల్లు నడవడం. ఇంకొకటి, ఎంపిక కాకపోతే చేతిలో ఏం మిగులుతుందన్నది. ఎవరికి ఏది ఎంత ముఖ్యమో అన్ని కండెలు ఆ గడిలో పెట్టమన్నాను.

బాలరాజన్న దాదాపు అన్నీ తీసుకెళ్లి సెలెక్షన్ గడిలో పోశాడు. ఎల్లవ్వా అదే చేసింది. సంజీవ్ తన గుప్పెడు పట్టుకుని తల్లి వైపు చూశాడు.

"నన్నేం చూస్తవ్‌రా? పెట్టు," అంది ఎల్లవ్వ. "నువ్వు కోరుట్ల పోతే నేను కండెలు చుట్టుకుంట బతుకుత. నా కోసం ఆగకు."

"నీ కండెలతోని కరెంటు బిల్లు గూడ ఎల్లదు," అని సంజీవ్ తన గుప్పెడంతా ఇల్లు నడిచే గడిలో పెట్టాడు.

"చూసినవా వసంతా, గిదీ వీని జిద్దు!" అని ఎల్లవ్వ కోపం నటించింది.

నాకు అక్కడ ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. క్లాసులో చెప్పేటప్పుడు తేలికే, వాకిట్లో చెప్పడం కష్టమైంది. "సెలెక్షన్ ముఖ్యమా కాదా అన్నది కాదన్నా ప్రశ్న. కోరుట్లలకు, ఇక్కడికి సెలెక్షన్ల తేడా ఎంత? తేడా ఎక్కువుంటేనే దానికి గిన్ని కండెలు. కూరగాయలు కొనెటప్పుడు రెండు దుకాణాల్ల ఒక్కటే ధర ఉంటే, ధర ఎంత ముఖ్యమైనా దాన్ని బట్టి దుకాణం ఎంచుకోం గదా?"

"మస్తు తేడా ఉన్నది మేడం," అన్నాడాయన వెంటనే. రెండేళ్ల కింద ఎండాకాలంలో మల్యాలలో తెలిసినవాళ్ల ఖాళీ ఫంక్షన్ హాలు తీసుకుని, పిల్లలను అక్కడే ఉంచి నేర్పించాడట. "ఆఖరుదాకా ఉన్నోళ్లల్ల సగం మంది కొట్టిండ్రు. ఇక్కడ నలుగుర్ల ఒక్కడు వస్తే గొప్ప."

"ఆఖరుదాకా ఉన్నోళ్లల్ల అంటే? మొదలు ఎంతమంది వచ్చిండ్రు?"

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టసాగాడు. మధ్యలో లేచి చాయ్ గ్లాసులు తెచ్చిన వసంతక్క అందుకుంది. "నన్నడుగు. వండింది నేను గదా? మొదటి వారం రెండు గంజుల అన్నం సరిపోలే. ఆఖరికి ఒక్క గంజు వండితే సరిపోయింది."

"మిగతా వాళ్లు ఏమైన్రు అక్కా?"

"సెట్ అయిండ్రు మేడం," అన్నాడు బాలరాజన్న. ఆ మాటలో గర్వం ఉంది. "మల్లన్న మస్కట్ పోయిండు. ఇంకొకడు దుబాయ్. వాళ్ల వెనుక ఇంకొందరు. నా దగ్గర పరుగెత్తిన పిల్లలు, అక్కడ గట్టిగ నిలబడ్డరు."

నేనూ కోరుట్ల పిల్లనే. మా వైపు ఎవరైనా గల్ఫ్ వెళ్లాడంటే ఓడిపోయాడని అనరు. ఇంటికి ఒక దారి దొరికిందని చెప్పుకుంటారు. అందుకే ఆయన లెక్కలో వాళ్లు తప్పినవాళ్లలో లేరు, గెలిచినవాళ్లలోనూ లేరు. అసలు లెక్కలోనే లేరు. ఆ మాట వినగానే నాకూ మొదట ఏమీ అనిపించలేదు. వసంతక్క గ్లాసులు పంచుతూ అన్న మాటకు ఉలిక్కిపడ్డాను.

"అందరికి ఒక్క నెలల్నే వీసాలొచ్చినయా ఏంది? నీ విజిల్ ఇని పంపిండ్రా అక్కడి షేకులు?"

సంజీవ్ పకపకా నవ్వాడు. బాలరాజన్న నవ్వలేదు.

"అన్నా," అన్నాను. "తేల్చేముందు ఒక్క ఫోన్ చేద్దాం. మల్లన్నకు."

శుక్రవారం అక్కడ సెలవు. మధ్యాహ్నం వీడియో కాల్ కలిసింది. మల్లన్న లుంగీ మీద, ఇరుకు గదిలో రెండంతస్తుల మంచం పక్కన నిలబడి గట్టిగా సెల్యూట్ కొట్టాడు.

"జై హింద్ ఉస్తాద్! మంచిగున్నవా? అక్కా, నీ పప్పుచారు యాదికొస్తది."

"మంచిగున్న. మల్లన్నా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పాలె. గా క్యాంపుల నుంచి పోయినప్పుడు నీకు వీసా వచ్చిందా?"

మల్లన్న ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"గిప్పుడెందుకు ఉస్తాద్ గవన్నీ?"

"చెప్పురా."

"వీసా ఆర్నెల్లకు వచ్చింది. కాలు కింద పెడితే సూదులు గుచ్చినట్టుండె. పొద్దుగాల చెప్పులు గూడ తొడగరాకపోతుండె. నొప్పంటే ఇంటికి పొమ్మంటవని చెప్పలే. ఊర్లె నొప్పని వాపస్ వచ్చిన్నంటే నవ్వుతరు. వీసా వచ్చిందంటే ఎవ్వడు నవ్వడు గద."

"మిగతోళ్లు?"

"ఒకరిద్దరు ఇంటికాడ ఖర్చులు ఎల్లక పోయిండ్రు. మిగతోళ్లది నాదే కథ. నువ్వు పరేషాన్ కాకు ఉస్తాద్, కాలు ఎప్పుడో మంచిగైంది. గిప్పుడు దినాం నిచ్చెనలెక్కుతున్న. ఇగో చూడు." గదిలోనే ఎగిరి చూపించాడు. పై మంచం మీద పడుకున్న మనిషి ఎవరో హిందీలో తిట్టాడు.

బాలరాజన్న ఫోను పక్కన పెట్టాడు. ఆయన బొటనవేలు తన మోకాలి కింది ఎముక మీద పైకీ కిందికీ కదులుతోంది. "కెప్టెన్ సాబ్ పిల్లల కాళ్లు చూపిచ్చినప్పుడు, నేనైతే వాళ్ల మొఖం చూసే కనిపెడుదునని అనుకున్న మేడం. నా కాడ గదే జరిగింది. వీసా అనంగనే నేను సంబురపడి పంపిన."

అంతదూరం నుంచి ఒక మనిషి ఎగిరి చూపించడం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. పైకి గట్టిగా కనిపించిన శిక్షణ లోపల ఎవరిని రాలుస్తోందో అతను చెబితే గానీ తెలియలేదు. మల్లన్నకూ నేను రుణపడి ఉన్నాను.

వెళ్లిపోయినవాళ్లను కూడా కలిపి చూస్తే, మల్యాల క్యాంపుకూ ఇక్కడి మైదానానికీ సెలెక్షన్‌లో పెద్ద తేడా మిగలలేదు. సెలెక్షన్ గడిలోని కండెలను బాలరాజన్న తన చేతులతోనే తీసి, ఒంటి గడిలో కొన్ని, ఇల్లు నడిచే గడిలో కొన్ని పెట్టాడు. రెండు చోట్లా ఇక్కడి మైదానమే మెరుగు: నొప్పొస్తే ఇంట్లో ఆగొచ్చు, ఇల్లు నడుస్తుంది, ఎంపిక కాకపోయినా చేతిలో పని మిగులుతుంది. ఒక్క తిండి విషయంలో మాత్రం కోరుట్ల పైచేయి అలాగే ఉంది. అది దాచుకోలేని నిజం. సంజీవ్ షిఫ్టు దిగి ఖాళీ కడుపుతో పరుగెత్తడం అందరమూ చూస్తున్నదే.

"ఐతే తిండే అడుగుదాం," అన్నాడు బాలరాజన్న.

ఆదివారం వేములవాడ, రుద్రంగి మీదుగా బస్సులో కోరుట్ల వెళ్లాం. చిన్నిని మా ఆయన దగ్గర వదిలి వచ్చాను. దారంతా ఫోను చూసుకుంటూనే ఉన్నాను. అర్జున్ రావు ఇంట్లో గోడ మీద కరుణాకర్ రావు పెద్ద ఫోటో ఉంది. కట్టబోయే కేంద్రం బొమ్మ టేబుల్ మీద పరిచి ఉంది. బాలరాజన్న నిలబడే మొత్తం చెప్పాడు. మల్లన్న కాలు సంగతి, తన తప్పు, దేన్నీ వదల్లేదు. చివరికి, తాను సిరిసిల్ల విడిచి రాలేనని, పిల్లలకు గుడ్లు, పాలు, అరటిపండ్లు ఇస్తే చాలని అన్నాడు.

"నేను బిల్డింగ్ కట్టిస్త అంటే నువ్వు గుడ్లు అడుగుతవేంది బాలరాజూ?" అని అర్జున్ రావు కుర్చీలో వెనక్కి వాలాడు. "గుడ్డు మీద మా నాయిన పేరు రాయిస్తవా?"

ఆయన నా వైపు తిరిగాడు. "మేడం, లెక్క మీదేనట గదా. పక్కానేనా?"

"పక్కా అని చెప్పను సార్. సెలెక్షన్ల తేడా మేమనుకున్నదానికి రెట్టింపున్నా జవాబు మారదు. గంతవరకు చెప్పగలుగుత."

చాయ్ తెచ్చిన ఆయన భార్య ప్రమీలమ్మ ఫోటో వైపు చూసి నవ్వింది. "మామయ్య పొద్దుగాల ఉడకబెట్టిన గుడ్లు లేనిదే లేచెటోడు కాదు. బిల్డింగ్ కన్న గదే ఆయనకు నచ్చుతుండె."

అర్జున్ రావు ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆలోచిస్తానన్నాడు. బస్సులో బాలరాజన్న, "పోనీ మేడం, లేకున్నా నడుస్తది," అన్నాడు గానీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. కొన్నాళ్లకు ఒక ఆటో వచ్చి మైదానం పక్కన గుడ్ల ట్రేలు దించింది. ఈ ర్యాలీ దాకా చూద్దామని కబురు. కేంద్రం కట్టే ఆలోచన ఆయన ఇంకా మానలేదు, దానికి వేరే మనిషిని వెతుకుతున్నాడు.

శిక్షణ మారింది. రాత్రంతా సాంచెల దగ్గర నిలబడినవాళ్లను తెల్లవారుజామున పరుగెత్తించడం ఆగిపోయింది. వాళ్లు నిద్రపోయి లేచి, ఎండ తగ్గాక, షిఫ్టుకు ముందు రావాలి. విజిల్ రెండు పూటలైంది. వారానికోసారి అందరినీ వరుసగా కూర్చోబెట్టి, బాలరాజన్న ఒక్కొక్కరి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూస్తాడు. మొహం ముడుచుకుంటే పరుగు బంద్, గుడ్డు డబుల్. ఆ రెండో గుడ్డు కోసం అబద్ధపు నొప్పులు మొదలయ్యాయి. "నీకు నొప్పి కాల్ల లేదురా, నాలికల ఉన్నది!" అని ఆయన తిట్టడం మా మేడ మీదికి వినపడేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం చిన్ని నా చేయి విడిపించుకుని, పిల్లలు దూకే గుంట వైపు పరుగెత్తింది. నేను అరిచాను. బాలరాజన్న చేయి అడ్డంపెట్టి నన్ను ఆపాడు.

"పడితే ఏమైతది మేడం? వాపస్ రాలేని దెబ్బనా, మట్టి దులుపుకునే దెబ్బనా?"

గుంటలో ఇసుక ఉంది. చిన్ని దూకింది, పడింది, లేచి మళ్లీ పైకి ఎక్కింది. నేను మాత్రం గుంట అంచు వదల్లేదు. ఆ ప్రశ్న ఒక కెప్టెన్ నుంచి ఆయనకు, ఆయన నుంచి నాకు వచ్చింది. నేను చదివిన పుస్తకాల్లోనూ ఉంది, వేరే మాటల్లో. కానీ జ్వరం వచ్చినప్పుడు, బడి బస్సు ఆలస్యమైనప్పుడు నాకు గుర్తొచ్చేది ఆయన గొంతే. భయం పోలేదు. ఏ భయానికి పరుగెత్తాలో, దేనికి కూర్చోవచ్చో కొంత తెలుస్తోంది.

ర్యాలీలో సంజీవ్ పరుగు గట్టెక్కాడు. మొదటి గుంపులో కాదు, రెండో గుంపులో వచ్చాడు. దూకాడు, కడ్డీకి వేలాడాడు, డాక్టర్ల ముందు నిలబడ్డాడు. ఫలితాలు వచ్చిన రోజు వాకిట్లో మేమంతా అతని ఫోను చుట్టూ మూగాం. అతను కంగారులో పేజీని పైకీ కిందికీ జరుపుతుంటే వసంతక్క ఫోను లాక్కుంది.

"నంబరు చెప్పురా!"

చెప్పాడు. ఉంది.

ఎల్లవ్వ సంజీవ్ దగ్గరికి వచ్చింది. కొడుకు తలలోని దూది పోగులు ఒక్కొక్కటే ఏరుతూ నిలబడింది. కాసేపటికి, "నాలుగేండ్లకు పంపేస్తరట గదా ఉస్తాద్?" అంది.

"కొందరిని ఉంచుకుంటరు అవ్వా. పంపినా, మంచి కాళ్లతోని వస్తడు."

అందరూ మిఠాయి పనిలో పడ్డాక బాలరాజన్న నా దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో సంతోషంతో పాటు ఇంకేదో ఉంది.

"మేడం, వీని నంబరు రాకపోయినా మన లెక్క గిదే గదా?"

"గిదే అన్నా."

"పక్కా?"

"ఇది మాత్రం పక్కా."

"గట్లైతే మంచిది," అన్నాడు. తూకం వేసిన రోజు నుంచీ గూట్లో దాచిన కండెలు తీసి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న ఎల్లవ్వ సంచిలో పోశాడు. "ఇగో, తీస్కపో అవ్వా. మళ్ల ఆసామి నిన్ను తిడితే, నీ కొడుకు సెలవు పెట్టి కొట్లాటకొస్తడు."